రొమ్ము గుంటకు కడ్డీ ఆపరేషన్: మా అబ్బాయికి ఇప్పుడే చేయించాలా, ఆగాలా?

డిండి ఒడ్డు:

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. మా పెద్ద కొడుకుకు 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. పుట్టిన కొన్నాళ్లకే వాడి రొమ్ము ఎముక కింది భాగంలో బొటనవేలు ఆనేంత సొట్ట కనిపించింది. పాలు బాగా తాగుతున్నాడు, బరువు పెరుగుతున్నాడు, పెద్దయ్యేకొద్దీ అదే సర్దుకుంటుందని అప్పటి డాక్టర్ చెప్పడంతో మేము దాని సంగతి దాదాపు మరిచిపోయాము. గడిచిన రెండేళ్లలో వాడు ఒక్కసారిగా ఎత్తు పెరిగాడు, ఎత్తుతో పాటు సొట్ట కూడా గుంట అయింది. ఇప్పుడు వెల్లకిలా పడుకుంటే అందులో చారెడు నీళ్లు నిలుస్తాయి.

గుంట పెరిగిందన్న సంగతి మాకంటే ముందు వాడే గమనించినట్టున్నాడు. ప్రతి ఎండాకాలం మా బావమరిది వాళ్ల బావిలో పొద్దంతా ఈత కొట్టే పిల్లవాడు పోయిన ఏడు జలుబు అని, ఈ ఏడు నీళ్లు బాగా లేవని చెప్పి ఆ దిక్కే పోలేదు. కబడ్డీలో కూతకు పోతే సగంలోనే దమ్ము తెగిపోతున్నదని, అందుకే బడి జట్టులోంచి తీసేశారని వాడి స్నేహితుడు చెబితే తప్ప మాకు తెలియలేదు. పుస్తకాల సంచిని కూడా వీపుకు వేసుకోడు, రొమ్ముకు అడ్డంగా పట్టుకొని నడుస్తాడు.

నల్లగొండలో పిల్లల డాక్టర్ గారు ఎకో తీయించి, గుండె కొంచెం ఎడమ వైపుకు జరిగిందని, కవాటాలు మాత్రం బాగానే ఉన్నాయని చెప్పి హైదరాబాద్‌కు రాశారు. అక్కడ సీటీ స్కాన్ తీసి హాలర్ సూచిక 4.1 అని రాసిచ్చారు. తర్వాత వెళ్లిన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పావుగంట కూడా మాట్లాడకుండానే, రొమ్ము ఎముక వెనుక ఉక్కు కడ్డీ పెట్టి మూడేళ్ల తర్వాత తీసేస్తామని, ఆ వారంలోనే అడ్వాన్స్ కడితే తేదీ ఇస్తామని అన్నారు. గుండెకు ఆనుకొని మూడేళ్లు ఇనుము ఉంటుందన్న మాట నాకు మింగుడు పడలేదు. ఏమీ కట్టకుండా ఇంటికి తిరిగి వచ్చాను.

ఇంట్లో పరిస్థితి ఇంకో రకంగా ఉంది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు బయటికి రావడం వల్లనే ఇలా అయిందని మా అమ్మ అంటుంటే, మా ఆవిడ అదే నిజమని నమ్మి ఏడుస్తున్నది. మా వైపు ఎముకలకు ఏమైనా నీళ్ల మీదికే పోతుంది కాబట్టి ఇరుగుపొరుగు వాళ్లు ఫ్లోరైడ్ అంటున్నారు. ఇది అందం కోసం చేసే ఆపరేషనా, ప్రాణం కోసం చేసేదా? వచ్చే ఏడు పదో తరగతి పరీక్షలు ఉన్నాయి. ఇప్పుడే చేయించాలా, ఆ పరీక్షలు అయ్యాక చేయించాలా? చేయించుకున్నవారు, తెలిసినవారు దయచేసి వివరంగా రాయండి.

మూసీ గట్టు:

తొందరపడకండి. మా అన్నకు కూడా రొమ్ము మధ్యలో గుంట ఉంది. ఇప్పుడు ఆయనకు 43 ఏళ్లు, మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లులో పని చేస్తాడు, ఇద్దరు పిల్లలు. ఏనాడూ దాని కోసం మాత్ర కూడా మింగలేదు. చొక్కా వేసుకుంటే కనపడని దానికి రొమ్ములో ఇనుము పెట్టించుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు. పొద్దున్నే దండీలు తీయించండి, రొమ్ము మీద కండ పెరిగితే గుంట అదే పూడుతుంది.

మత్తు డాక్టర్, పాలమూరు:

నేను మహబూబ్‌నగర్‌లో మత్తు డాక్టర్‌ను. శిక్షణ కాలంలో ఈ ఆపరేషన్లలో కొన్నింటికి మత్తు ఇచ్చాను. కత్తి పట్టేవాడిని కాను కాబట్టి నా మాటలు ఆ హద్దులోనే తీసుకోండి.

ముందుగా మీ ఆవిడ గారికి ఒక మాట చదివి వినిపించండి. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. దీన్ని వైద్యంలో పెక్టస్ ఎక్స్‌కవేటమ్ అంటారు. పక్కటెముకలను రొమ్ము ఎముకతో కలిపే మెత్తటి మృదులాస్థి వంకరగా పెరిగి, రొమ్ము ఎముకను వెన్ను దిక్కుకు వంచుతుంది. సుమారు 300 నుంచి 400 మంది పిల్లల్లో ఒకరికి ఇది ఉంటుంది. ఆడపిల్లల్లో కంటే మగపిల్లల్లో చాలా ఎక్కువ. కొన్ని కుటుంబాల్లో ఒకరికి మించి కనిపిస్తుంది. తల్లి తిన్నది, తిరిగింది ఏదీ దీనికి కారణం కాదు. ఫ్లోరైడ్ కూడా కాదు. ఫ్లోరోసిస్ పళ్లకు మరకలు తెస్తుంది, వెన్నునూ కీళ్లనూ బిగదీస్తుంది, పిల్లల కాళ్లను వంచుతుంది, కానీ రొమ్ము ఎముకను ఇలా లోపలికి లాగదు. మర్రిగూడ, చండూరు వైపు పిల్లవాడికి పళ్ల మీద మరకలూ రొమ్ములో గుంటా రెండూ ఉంటే, అవి రెండు వేర్వేరు దారుల్లో వచ్చినవే.

ఇక అందమా, ప్రాణమా అన్న ప్రశ్న. ఎక్కువమందిలో ఇది ప్రాణం తీసే జబ్బు కాదు. అలాగని కేవలం అందానికి సంబంధించినదీ కాదు. మూసీ గట్టు గారి అన్నగారి గుంట బహుశా తక్కువ లోతుది అయి ఉంటుంది, అలాంటివారికి ఆపరేషన్ అవసరం రాదన్న మాట నిజమే. ఆ తేడాను కంటితో కాకుండా కొలతతో చెప్పడానికే హాలర్ సూచిక. స్కాన్‌లో ఛాతీ లోపలి అడ్డం వెడల్పును, రొమ్ము ఎముకకూ వెన్నెముకకూ మధ్య అతి తక్కువ దూరంతో భాగిస్తారు. మామూలు ఛాతీకి అది 2.5 దగ్గర వస్తుంది. 3.25 దాటితే ఆపరేషన్ గురించి ఆలోచించదగినంత లోతు అని లెక్క. మీ అబ్బాయి ఛాతీ వెడల్పు 26 సెంటీమీటర్లు అనుకుంటే, 4.1 అంటే రొమ్ము ఎముకకూ వెన్నుకూ మధ్య ఆరున్నర సెంటీమీటర్ల కంటే తక్కువ చోటే మిగిలిందన్నమాట. గుండె ఆ చోటులో ఇమడలేక ఎడమకు జరిగింది. కుడి జఠరిక (గుండెలో కింది కుడి గది) మీద ఒత్తిడి పడినప్పుడు, కూర్చుంటే ఏమీ తెలియదు. పరుగెత్తినప్పుడు కావలసినంత రక్తం తోడలేక ఆయాసం వస్తుంది. కూత సగంలో తెగడం అనే గుర్తును ఏ వైద్య గ్రంథంలోనూ చదవలేదు గానీ, నాకు అది ఊపిరిని కొలిచే ఏ స్పైరోమెట్రీ కాగితం కంటే స్పష్టంగా కనిపిస్తున్నది. అయినా ఊపిరితిత్తుల పరీక్ష చేయించండి, వీలైతే ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ చేసే పరీక్ష కూడా.

దండీలు, యోగా వల్ల నిలబడే తీరు బాగుపడుతుంది, భుజాలు వెనక్కి వస్తాయి, ఊపిరి పెరుగుతుంది. ఎముక మాత్రం కదలదు. కండ పెరిగాక గుంట ఇంకా లోతుగా కనిపించిన వాళ్లు కూడా ఉన్నారు, ఎందుకంటే కండ పెరిగేది గుంటకు రెండు గట్ల మీద.

ఒక సంగతి మీరు రాయలేదు. అబ్బాయి సన్నగా, పొడుగ్గా ఉండి, చేతులు చాచితే ఆ కొలత ఎత్తు కంటే ఎక్కువగా వస్తున్నదా? వేళ్లు మరీ పొడుగ్గా ఉన్నాయా? అలా ఉంటే మార్ఫాన్ సిండ్రోమ్ (ఒంటిని కలిపి ఉంచే కణజాలం పుట్టుకతోనే బలహీనంగా ఉండే జబ్బు) లేదని తేల్చుకోవాలి. ఎకోలో బృహద్ధమని (గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం) మొదటి భాగం వెడల్పు కొలిచారో లేదో చూడండి, కళ్ల డాక్టర్‌కు కూడా ఒకసారి చూపించండి. వెన్ను పక్కకు వంగిందేమో ఎక్స్‌రేలో చూస్తారు. ఇవన్నీ ఆపరేషన్‌కు ముందే తేలాలి.

ఆపరేషన్ సంగతికి వస్తే, 1949లో రావిచ్ అనే అమెరికన్ సర్జన్ ప్రచురించిన పాత పద్ధతిలో రొమ్ము ముందు భాగాన్ని కోసి, వంకర మృదులాస్థులను తీసేసి, రొమ్ము ఎముకను విరిచి సరిచేసేవారు. మరీ చిన్న వయసులో అలా చేసిన కొందరు పిల్లల్లో ఛాతీ గూడు ఎదగడం ఆగిపోయి ఊపిరితిత్తులకు చోటు చాలని స్థితి వచ్చింది. అమెరికాలోని నార్ఫోక్‌లో పిల్లల సర్జన్‌గా పనిచేసిన డోనాల్డ్ నస్ 1987లో దీన్ని వేరేగా ఆలోచించాడు. వంకర పళ్లకు తీగ కట్టి ఏడాది రెండేళ్లలో వరుసకు తెచ్చినట్టే, మెత్తగా ఉన్న ఛాతీని లోపలి నుంచి నెట్టి పెట్టి, ఆ ఆకారంలోనే గట్టిపడనిస్తే చాలు గదా, మృదులాస్థిని తీయడం ఎందుకని ఆయన ప్రశ్న. 42 మంది పిల్లలతో పదేళ్ల అనుభవాన్ని 1998లో ప్రచురించాక ఆ పద్ధతి ఆయన పేరుతోనే లోకమంతా పాకింది.

చంకల కింద రెండు పక్కలా చిన్న కోతలు పెడతారు. పక్కటెముకల మధ్య నుంచి సన్నటి కెమెరా పంపి, దాని బొమ్మ చూస్తూ రొమ్ము ఎముకకూ గుండెకూ మధ్య దారి చేస్తారు. ఆపరేషన్ థియేటర్‌లో అందరం మాటలు ఆపే ఘడియ అదే, ఎందుకంటే గుండె ఆ పనిముట్టు పక్కనే కొట్టుకుంటూ ఉంటుంది. అందుకని చాలామంది సర్జన్లు ముందుగా రొమ్ము ఎముకను కొక్కెంతో పైకి లేపి పట్టుకొని, అప్పుడే దారి చేస్తారు. పిల్లవాడి ఛాతీ కొలతకు విల్లులా వంచిన కడ్డీని వంపు వెన్ను దిక్కు ఉండేలా దూర్చి, రెండో పక్కకు తేలాక 180 డిగ్రీలు తిప్పుతారు. సొట్ట పోయిన మడ్‌గార్డును లోపలి నుంచి తట్టి లేపినట్టు, ఆ ఒక్క తిప్పుతో గుంట లేచిపోతుంది. కడ్డీ చివరలను స్టెబిలైజర్ అనే చిన్న పలకతో, దారాలతో లేదా తీగతో పక్కటెముకలకు కట్టేస్తారు. కడ్డీ గుండెను నొక్కదు. గుండె మీది నుంచి రొమ్ము ఎముకను ఎత్తి పట్టుకుంటుంది. మీ భయానికి సమాధానం ఇదే.

చిన్న కోతల ఆపరేషన్ అంటే చిన్న నొప్పి అనుకొని వచ్చేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. 14 ఏళ్లుగా ఒక ఆకారంలో ఉన్న ఎముకల గూడును ఒక్క నిమిషంలో మార్చేస్తున్నాము. మొదటి మూడు నాలుగు రోజులు నొప్పి తీవ్రంగానే ఉంటుంది. దీనికి వెన్నులో మొద్దుబార్చే మందు ఎక్కించే ఎపిడ్యూరల్ గొట్టం పెట్టడం ఒక దారి. పక్కటెముకల కింద నడిచే నరాలను థియేటర్‌లోనే చల్లబరిచి కొన్ని నెలలపాటు మొద్దుబార్చే క్రయో పద్ధతి ఇంకొకటి. క్రయో చేస్తే నల్లమందు జాతి ఇంజెక్షన్ల అవసరం బాగా తగ్గుతుంది, ఇంటికి కూడా తొందరగా పంపుతారు. రొమ్ము ముందు భాగం కొన్ని నెలలు స్పర్శ లేకుండా ఉండి, నరం మళ్లీ పెరిగేకొద్దీ తిరిగి వస్తుంది. మీరు వెళ్లే ఆసుపత్రిలో నొప్పికి ఏ ఏర్పాటు ఉందో సర్జన్‌ను అడగండి, వీలైతే మత్తు డాక్టర్‌ను విడిగా కలవండి. మమ్మల్ని ముందుగా ఎవరూ కలవరు, అది మా వృత్తికి ఉన్న శాపం.

ప్రమాదాలు లేవని చెప్పను. ఊపిరితిత్తి చుట్టూ కొంచెం గాలి మిగలడం మామూలే, ఎక్కువమందిలో అదే ఇంకిపోతుంది. గాయానికి చీము పట్టవచ్చు, కడ్డీ పక్కకు జరిగి మళ్లీ థియేటర్‌కు తీసుకుపోవలసి రావచ్చు, కడ్డీ తీశాక కొద్దిమందిలో గుంట కొంత తిరిగి రావచ్చు. గుండెకు గాయం కావడం చాలా అరుదు, కానీ అయితే ప్రాణాంతకం కావచ్చు. అందుకే ఏడాదికి ఒకటో రెండో చేసే చోటుకు కాకుండా, తరచూ చేసే సర్జన్ దగ్గరికి, గుండె ఆపరేషన్ల విభాగం అదే భవనంలో ఉన్న చోటుకు వెళ్లండి. మీరు ఇప్పటిదాకా ఎన్ని చేశారు అని అడిగితే మంచి సర్జన్ ఎవరూ నొచ్చుకోరు.

వయసు విషయంలో, ఎదుగుదల వేగంగా ఉండే 12 నుంచి 16 ఏళ్ల మధ్య అనుకూలమైన కాలం. ఎముకలు ఇంకా వంగుతాయి, కడ్డీ ఉన్నప్పుడే ఎదుగుదల పూర్తవుతుంది. పెద్దవాళ్లలోనూ చేస్తారు, కొందరికి రెండు కడ్డీలు కావాలి, నొప్పి ఎక్కువ. అంటే ఈ వారం కట్టండి అన్న తొందర దేనికీ లేదు. అయిదారేళ్లు ఆగుదామంటే మాత్రం నష్టం ఉంది.

కోయిలసాగర్:

డాక్టర్ గారు బల్లకు అవతలి వైపు నుంచి రాశారు, నేను బల్ల మీది నుంచి రాస్తాను. నాకు 17 ఏళ్లప్పుడు కడ్డీ పెట్టారు, 20 ఏళ్లప్పుడు తీశారు, ఇప్పుడు 23. మాది దేవరకద్ర వైపు.

అన్నా, మీరు సంచి రొమ్ముకు పట్టుకొని నడుస్తాడని రాసిన వాక్యం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. నేను ఇంటర్ రెండేళ్లు అలాగే నడిచాను. మా ఇంట్లో అందరూ నా గుంట గురించి మాట్లాడారు, నాతో మాత్రం ఎవరూ మాట్లాడలేదు. ఆపరేషన్ చేయించుకుంటావా అని నన్ను మొదటిసారి అడిగింది సర్జన్ గారు; మా నాయన ముందు చెప్పడానికి సిగ్గుపడతానని ఆయనను బయట కూర్చోమన్నారు. మీరు ఇక్కడ ఇన్ని ప్రశ్నలు అడిగారు, వాడిని అడిగారో లేదో రాయలేదు. తప్పు పట్టడం లేదు, గుర్తు చేస్తున్నాను.

నొప్పి సంగతి డాక్టర్ గారు చెప్పింది నిజం. నాకు ఎపిడ్యూరల్ పెట్టారు. అది తీసేసిన రోజు అన్నిటికంటే కష్టమైన రోజు. రొమ్ము మీద వడ్ల బస్తా పెట్టి ఎవరో కూర్చున్నట్టు ఉండేది. ఎవరూ ముందుగా చెప్పని ఇంకో బాధ ఏమిటంటే, నొప్పి మందులకు మలబద్ధకం వస్తుంది, ముక్కాలంటే రొమ్ము సహకరించదు. మొదటి రోజు నుంచే దానికి మందు అడగండి, నీళ్లు బాగా తాగించండి. మూడు బంతుల ఊపిరి పీల్చే డబ్బా ఇస్తారు. నొప్పి అని అది పక్కన పెడితే ఊపిరితిత్తుల అడుగున కఫం చేరుతుంది. మా అమ్మ గంటకొకసారి పక్కన నిలబడి మూడో బంతి లేచేదాకా వదిలేది కాదు.

అయిదు రోజులకు ఇంటికి వచ్చాను. నెలన్నర వెల్లకిలా తప్ప పడుకోవద్దన్నారు. లేవాలంటే నడుము తిప్పకుండా, ఎవరైనా మెడ వెనుక, వీపు వెనుక చేతులు పెట్టి లేపాలి. చేయి పట్టి గుంజితే కడ్డీ జరుగుతుంది. ఇంటికి వచ్చే చుట్టాలకు ఇది తెలియదు, ప్రేమతో చేయి పట్టి గుంజుతారు. మేము మంచం దగ్గర గోడకు కాగితం అంటించాము. నవారు మంచం పనికిరాదు, చెక్క మంచం మీద గట్టి పరుపు కావాలి. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు కారు మాట్లాడుకోండి, బస్సులో రావద్దు.

నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. అయిదో వారంలో ఒంట్లో బాగానే ఉందని గ్యాస్ సిలిండర్‌ను ఒక చేత్తో పక్కకు జరిపాను. ఎడమ పక్క ఏదో కలుక్కుమన్నది. ఎక్స్‌రేలో కడ్డీ కొంచెం వాలిందని తేలింది, అదృష్టం కొద్దీ మళ్లీ కోయవలసిన అవసరం రాలేదు. నా రొమ్ము ఇప్పటికీ ఎడమ దిక్కు కొంచెం తక్కువ లేచి ఉంటుంది. అది సర్జన్ తప్పు కాదు, నాది.

కడ్డీ లోహం గురించి ఒక మాట. మామూలుగా వేసేది స్టెయిన్‌లెస్ స్టీలు, అందులో నికెల్ ఉంటుంది. మీ అబ్బాయికి బెల్టు బకిల్ తగిలిన చోట, గడియారం చైను కింద, గిల్టు వస్తువులకు దురద దద్దుర్లు వస్తాయేమో గుర్తు చేసుకొని చెప్పండి. వస్తే చర్మ పరీక్ష చేసి టైటానియం కడ్డీ వేస్తారు. నాకు ఈ ప్రశ్న వేయలేదు, నాకు పడింది కాబట్టి సరిపోయింది.

మూడేళ్లలో మొదటి మూడు నెలలు తప్ప మిగతా కాలం కడ్డీ ఉన్న సంగతి చాలాసార్లు మరిచిపోయాను. చలికాలం పొద్దున కొంచెం బిగదీసినట్టు ఉండేది, తుమ్ము వస్తే భయమేసేది. ఒంట్లో కడ్డీ ఉందని రాసిన కార్డు జేబులో పెట్టుకునేవాడిని, ఎందుకంటే ఎప్పుడైనా గుండె ఆగితే రొమ్ము మీద నొక్కేవాళ్లు మామూలు కంటే గట్టిగా నొక్కాలి, కరెంటు షాకు పలకలు ఒకటి రొమ్ముకు, ఒకటి వీపుకు పెట్టాలి. తీసేటప్పుడు ఒక రాత్రి ఉంచుకొని పంపారు, దానికీ దీనికీ పోలికే లేదు.

అచ్చంపేట అమ్మ:

మా పాపకు తొమ్మిదేళ్లు, గుంట తక్కువ లోతు, సెంటీమీటరుకు కొంచెం ఎక్కువ. ఆమెకు ఆపరేషన్ వద్దని, వాక్యూమ్ బెల్ వాడమని చెప్పారు. అది సిలికాన్ గిన్నె లాంటిది. రొమ్ము మీద బోర్లించి చేతి పంపుతో గాలి తీస్తే రొమ్ము ఎముక పైకి లేస్తుంది. దీన్ని తయారు చేసిన జర్మనీ ఇంజినీరు క్లోబే గారికి స్వయంగా ఇదే గుంట ఉండేదట. మొదట రోజుకు రెండుసార్లు అరగంట చొప్పున పెట్టి, నెమ్మదిగా పెంచుతున్నాము. చర్మం కందుతుంది, పాపకు విసుగు వస్తుంది, పదినెలల తర్వాత తేడా కొంచెం కనిపిస్తున్నది. ఏడాదికి పైగా విడవకుండా వాడితేనే ఫలితం అన్నారు.

అన్నయ్యా, మీ బాబుకు ఇది పనిచేస్తుందన్న ఆశ పెట్టడానికి రాయడం లేదు. లోతు ఒకటిన్నర సెంటీమీటరు లోపల ఉండి, పదకొండేళ్లకు ముందే మొదలుపెట్టిన వాళ్లకు మంచి ఫలితం అని మాకు చెప్పారు. మీ ఇంట్లో చిన్నపిల్లలు ఇంకా ఉంటే వాళ్ల రొమ్ము కూడా ఒకసారి చూడండి, అందుకోసం రాశాను.

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆహారభద్రత కార్డు ఉంటే, సీటీ రిపోర్టు పట్టుకొని ముందుగా ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చోండి. ఆరోగ్యశ్రీ హద్దు 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు అయింది, కానీ ఏ ఆసుపత్రిలో ఏ ఆపరేషన్‌కు ముందస్తు అనుమతి వస్తుందన్నది అక్కడే తేలుతుంది. కడ్డీ ఖర్చు ప్యాకేజీలో కలిసి ఉందా, మూడేళ్ల తర్వాత తీసే ఖర్చు ఎవరిది, ఈ రెండూ కాగితం మీద రాయించుకోండి.

మూసీ గట్టు:

డాక్టర్ గారి వివరణ తర్వాత మా అన్నకు ఫోన్ చేశాను. చిన్నప్పుడు ఆయన కబడ్డీ ఆడేవాడా అని అడిగితే, ఎప్పుడూ గుంజే పక్కనే ఉండేవాడినని, కూతకు పోలేదని నవ్వాడు. ఆయాసం వల్లనా అంటే, ఏమో, ఎవరు చూశారన్నాడు. ఆయనకు ఇప్పుడు ఎకో తీయించవచ్చా డాక్టర్ గారూ?

మత్తు డాక్టర్, పాలమూరు:

తీయించండి, నష్టమేమీ లేదు. ఎవరైనా మత్తు ఇచ్చే ముందు కూడా ఆ గుంట సంగతి చెప్పమనండి.

డిండి ఒడ్డు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. డాక్టర్ గారు, మీరు రాసింది మా ఆవిడకు రెండుసార్లు చదివి వినిపించాను, మా అమ్మకు కూడా. మా అమ్మ ఏమీ అనలేదు. చేతులు చాపి కొలిచాను. అబ్బాయి ఎత్తుకు, ఆ కొలతకు ఒక్క సెంటీమీటరే తేడా ఉంది. ఎకో కాగితంలో బృహద్ధమని కొలత రాసి ఉంది, మామూలే అని ఉంది. కళ్లకు వచ్చే వారం చూపిస్తాము. చేతి గడియారం కింద మాత్రం ఎర్రగా కందుతుందని వాడే చెప్పాడు, కాబట్టి చర్మ పరీక్ష తప్పనిసరి.

తమ్ముడు కోయిలసాగర్ అడిగిన ప్రశ్నే నన్ను ఎక్కువ కదిలించింది. నిజమే, వాడిని అడగలేదు. నిన్న సాయంత్రం పొలం దగ్గర మోటారు వేసి ఇద్దరం గట్టు మీద కూర్చున్నప్పుడు అడిగాను. నొప్పి గురించి, కడ్డీ గురించి, జరిగితే మళ్లీ కోస్తారన్న దాని గురించి మీరు రాసినవన్నీ దాచకుండా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, చేయించుకుంటానని, అయితే పదో తరగతి పరీక్షల తర్వాత వచ్చే ఎండాకాలం సెలవుల్లోనే కావాలని అన్నాడు. అప్పటికి వాడికి 15 దాటుతాయి, డాక్టర్ గారు చెప్పిన కాలంలోనే ఉంటాడు. ఆ అడ్వాన్స్ అడిగిన చోటుకు మళ్లీ పోము. హైదరాబాద్‌లో పెద్ద బోధనాసుపత్రిలో ఛాతీ, గుండె సర్జన్లకు చూపించి, ఎన్ని చేశారో అడిగే నిర్ణయిస్తాము. ఎండాకాలం కోత మానదని మా అమ్మ అంటున్నది, దానికి కూడా ఎవరైనా సమాధానం రాస్తే ఆమెకు చదివి వినిపిస్తాను.

ఒక ప్రశ్న మా వాడు అడగమన్నాడు. కడ్డీ ఉన్న మూడేళ్లలో బావిలో ఈత కొట్టవచ్చా?

మత్తు డాక్టర్, పాలమూరు:

కోత ఏ కాలమైనా మానుతుంది. చెమట పట్టకుండా ఫ్యాను, పలుచటి నూలు బనీను, గాయం తడవకుండా చూసుకోవడం, అంతే. పెద్దావిడ గారికి నా నమస్కారం చెప్పండి.

కోయిలసాగర్:

ఈత కొట్టవచ్చని చెప్పండి అన్నా. నేను నాలుగో నెలలో సర్జన్‌ను అడిగి, చెరువులో దిగాను. ఊపిరికి అంతకంటే మంచి కసరత్తు లేదన్నారు. కబడ్డీ మాత్రం ఒకరి మీద ఒకరు పడే ఆట కాబట్టి కడ్డీ తీసేదాకా ఒప్పుకోలేదు. బావిలో దిగేటప్పుడు మెట్ల మీది నుంచి దిగమనండి, గట్టు మీది నుంచి దుంకవద్దు. రొమ్ము నీళ్లకు తగిలితే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, ఒకసారి దుంకాను.